మెట్టూ గట్టూ

ఈ మధ్య మా ల్యాబులో చిల్లర కనిపించడమే కరువైంది. రక్త పరీక్షకు వచ్చినవాళ్ళు గోడ మీద అంటించిన కాగితానికి ఫోన్ చూపించి వెళ్ళిపోతున్నారు. మొన్న పొద్దున మాత్రం ఒక పెద్దావిడ కొంగు ముడి విప్పి గుప్పెడు బిళ్ళలు కౌంటరు మీద పోసింది. బయట వాన. కొంగు తడిసింది, బిళ్ళలూ తడిశాయి. తుప్పూ చెమటా కలిసిన ఆ వాసన వేళ్ళకు అంటుకుంది, సబ్బుతో కడిగినా కాసేపు పోలేదు. నేను ఒక్కో బిళ్ళనూ తిప్పి తిప్పి చూస్తుంటే ఆవిడ కంగారు పడి, "ఏంది బిడ్డా, చెల్లయా?" అంది. "చెల్తయమ్మా," అన్నాను. అప్పుడు గమనించుకున్నాను. నేను చూస్తున్నది బిళ్ళల విలువ కాదు. ఒక్కోదాన్నీ కిటికీ వైపు వంచి, సంవత్సరం అంకెల పక్కన నీడ ఎలా పడుతోందో చూస్తున్నాను. ఈ అలవాటు నాకు దేవసహాయం గారి నుంచి వచ్చింది. ఆయన పోయి నాలుగేళ్ళవుతోంది. ఆయన్ని చూడనివాళ్ళకు ఆయన గురించి చెప్పాలని నాకు చాలా రోజులుగా ఉంది.

ఆయన వృత్తిరీత్యా అచ్చుల మనిషి. వాళ్ళది ఒంగోలు వైపు. పెళ్ళయిన కొత్తలో ఉద్యోగానికని సికింద్రాబాద్ వచ్చి, ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు ఉక్కు అచ్చులు కోసి, నునుపు చేసి, బిగించి, రిటైరయ్యాక మారేడ్‌పల్లిలో మా ల్యాబుకు రెండు వీధుల అవతల స్థిరపడ్డారు. టంకశాలలో ఆయన ఎన్నడూ పని చేయలేదు. కానీ ఏ అచ్చు ఎక్కడ జారితే ఎలాంటి గుర్తు పడుతుందో ఆయన చేతులకు తెలుసు. ఆ తెలివితోనే నాణేల వైపు మళ్ళారు. నాణెం మీద అక్షరాలు జంటగా పడితే దాన్ని సేకరించేవాళ్ళు ఎగబడతారు. అది నిజంగా అచ్చులో వచ్చిన తప్పా, లేక మెషిను కుదుపుకు వచ్చిన ఉత్త గీతా అని తేల్చాల్సి వస్తే, మా చుట్టుపక్కల అందరూ దేవసహాయం గారి దగ్గరికే వచ్చేవారు.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ల్యాబులో చేరి ఆరు నెలలు కూడా కాలేదు. ఆయన పరగడుపున షుగర్ పరీక్షకు వచ్చారు. రక్తం ఇచ్చి, దూది అదిమిపెట్టుకుని, రెండో చేత్తో చొక్కా జేబులోంచి రెండు రూపాయల బిళ్ళ తీశారు. "అమ్మా, నీ మైక్రోస్కోపు కింద దీన్ని ఒక్కసారి చూడనిస్తావా?" అని అడిగారు.

"సార్, అది రక్తం చూసేది. పైసలు పెట్టొద్దు," అన్నాను.

"రక్తం కంటే ఇదే శుభ్రంగా ఉందిగా తల్లీ."

నాకు నవ్వొచ్చింది. డాక్టరు గారు ఇంకా రాలేదు కాబట్టి సరేనని పెట్టాను. చూస్తే కటిక చీకటి. ఆయన కూడా ఒకసారి కన్ను పెట్టి, "అవునులే, దీంట్లో వెలుగు కింద నుంచి వస్తోంది. నాణేనికి పక్క నుంచి రావాలి," అని నన్ను కిటికీ దగ్గరికి పిలిచి, తన భూతద్దం చేతికిచ్చారు. సంవత్సరం అంకెలు ఒక్కోటీ రెండేసిగా కనిపించాయి. "డబుల్ వచ్చింది సార్," అని ఒక్క చూపులో తేల్చేశాను. "చాలా త్వరగా చెప్పేశావే," అన్నారు ఆయన. మెచ్చుకున్నారనుకుని రోజంతా సంబరపడ్డాను. నా తీరే అంత. నాకు అన్నిటికీ తొందర. అన్నం ఉడికిందో లేదో మూత తీసి పదిసార్లు చూస్తానని మా అమ్మ ఇప్పటికీ తిడుతుంది. ల్యాబులో అందరికంటే ముందు నా రిపోర్టులు పూర్తయ్యేవి, దానికి కాస్త పొగరు కూడా ఉండేది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనం చేశాక, దేవసహాయం గారి వరండాలో నలుగురైదుగురు నాణేలవాళ్ళు చేరేవారు. ఆయన రమ్మంటే నేనూ వెళ్ళాను. ఆయన భార్య రూతమ్మ గారు కారప్పూస, టీ పెట్టారు. అక్కడ మొదటి పాఠం నాకు ముగ్గుతో చెప్పారు ఆయన.

"మోండా మార్కెట్లో చిల్లులు పొడిచిన ముగ్గు రేకులు అమ్ముతారు, చూశావుగా? ఆ రేకుకి చిల్లులు పొడిచేటప్పుడే ఒకసారి పొడిచి, రెండోసారి రవ్వంత పక్కకి జరిపి పొడిచారనుకో. అప్పుడేమవుద్ది?"

"గా రేకుతోని ఎన్ని వాకిళ్ళల్ల ఏసినా ముగ్గు డబులే పడ్తది," అన్నాను.

"అదీ డబుల్ డై అంటే. తప్పు అచ్చులోనే ఉంది. దాని కింద పుట్టిన ప్రతి నాణెంలోనూ అదే చోట, అదే కొలతలో కనపడుద్ది. ఇప్పుడు రేకు మంచిదే అనుకో. ముగ్గేసి లేచేటప్పుడు నీ కుచ్చిళ్ళు తగిలి చెదిరింది. అది మెషిన్ డబులింగ్. అచ్చు బిగువు తప్పి, దెబ్బ కొట్టి లేచేటప్పుడు నాణెం మీద ఒరుసుకుంటుంది. ఒక్కోదానికి ఒక్కో తీరు. అట్టాంటివి గంపలకి గంపలు దొరుకుతాయి."

రెండూ కంటికి ఒకేలా ఉంటే ఎలా తెలుస్తుందని అడిగాను. "మెట్టా, గట్టా చూడు," అన్నారు. అక్షరం పక్కన పల్చగా, బల్లపరుపుగా, మెరుస్తూ ఉంటే అది మెట్టు, అచ్చు ఒరుసుకున్న గుర్తు. పొలం గట్టులా గుండ్రంగా, అసలు అక్షరమంత ఎత్తున లేచి ఉంటే అది గట్టు, అచ్చులో ఉన్న తప్పు. "ఇంకోటి. అక్షరం బలిసిందా, చిక్కిందా చూడు. అచ్చులో తప్పుంటే బలుస్తుంది. ఒరుసుకుంటే ఉన్నదాంట్లోంచే కొంత తినేస్తుంది, చిక్కుతుంది." నేను ల్యాబులో ఒక్క చూపుతో తేల్చిన రెండు రూపాయల బిళ్ళను మళ్ళీ నా చేతిలో పెట్టారు. ఈసారి వంచి వంచి చూశాను. సన్నగా చిక్కిన అంకెలు, పక్కనే బల్లపరుపు మెట్టు. ఆ రోజు ఆయన నన్ను మెచ్చుకోలేదని అప్పుడు అర్థమై, కారప్పూస గొంతుకు అడ్డం పడింది.

ఆయన పని పద్ధతి నా బోటివాళ్ళకు పెద్ద శిక్ష. నాణెం తెచ్చినవాళ్ళ ఎదుట ఎప్పుడూ తీర్పు చెప్పేవారు కాదు. "వాళ్ళ మొహంలో ఆశ కనపడితే నా కంటికి లేని గట్టు కనపడుద్ది," అనేవారు. నాణేన్ని రెండు రోజులు ఉంచుకునేవారు. మొదటి పొద్దున కిటికీ వెలుగులో చూసి, చూసింది ఒక చీటీ మీద రాసి, మడిచి డబ్బాలో వేసేవారు. రెండో పొద్దున ఆ చీటీ విప్పకుండా మళ్ళీ చూసి ఇంకో చీటీ రాసేవారు. రెండూ కలిస్తేనే తీర్పు. అప్పుడు నాణేన్ని చిన్న చదరపు అట్టలో పెట్టి పిన్ను కొట్టి, అట్ట అంచున పెన్సిలుతో 'డబుల్ డై' అనో 'మెషిన్ డబులింగ్' అనో రాసి, కింద తన పేరు రాసేవారు. దీనికి ఒక్క పైసా తీసుకునేవారు కాదు. సికింద్రాబాద్‌లో నాణేలు మార్చుకునేవాళ్ళు ఆ పెన్సిలు రాత చూశాక ఇక నాణేన్ని చూసేవారు కాదు. నాకైతే ఆ రెండు రోజులు ఆగడం ప్రాణం మీదికి వచ్చేది. "ఇంత సేపెందుకు సార్, కనబడ్తనే ఉంది గద," అని విసుక్కుంటే, "నిదానమే ప్రధానం అన్నారు తల్లీ, టీ తాగు," అనేవారు.

ఆ ఆదివారాల్లో నాతో పాటు తప్పకుండా వచ్చే మనిషి మల్లేశం అన్న. మోండా మార్కెట్లో ఇత్తడి, స్టీలు గిన్నెల దుకాణం. దుకాణంతో పాటు వాళ్ళ నాయన నిజాం కాలపు వెండి రూపాయలు కొన్ని ఇచ్చి పోయాడు. వాటిని చూసే మల్లేశం అన్నకు నాణేల పిచ్చి పట్టింది. దేవసహాయం గారంటే అతనికి ఎంత అభిమానమంటే, ఒక క్రిస్మస్‌కు ఆయనకు లైటు బిగించిన కొత్త భూతద్దం తెచ్చి ఇచ్చాడు. మీట నొక్కితే అద్దం చుట్టూ తెల్లటి వెలుగు గుండ్రంగా పడుతుంది. "ఇగ కిటికీ కాడికి పోయే తక్లీఫ్ లేదు సార్," అన్నాడు. ఆయన మొహమాటానికి కొన్నాళ్ళు వాడి, తర్వాత దానికే అలవాటు పడిపోయారు. ఎందుకు పడ్డారో మాకెవరికీ తట్టలేదు.

ఒక ఆదివారం మల్లేశం అన్న కళ్ళు మెరిసిపోతూ వచ్చాడు. అట్టలో రూపాయి బిళ్ళ, అంచున ఆయన రాత: డబుల్ డై. విషయం ఏమిటంటే, బయటి ఊరి వ్యాపారి ఒకడు ఆ బిళ్ళ తెచ్చి, దీనికి మీ నాయన వెండి రూపాయలు ఇస్తావా, మధ్యాహ్నం రైలుకు వెళ్ళిపోతున్నాను అన్నాడట. మల్లేశం అన్న ఆటోలో వచ్చి దేవసహాయం గారిని దుకాణానికి తీసుకుపోయాడు. వ్యాపారి ఎదుట, దుకాణం లైట్ల కింద, ఆ కొత్త భూతద్దంతో చూసి ఆయన అక్కడికక్కడే రాసిచ్చారు. "నాయిన రూపాయలు ఏడిటికి ఏడు ఇచ్చిన. ఇచ్చినా రంది లేదు. సార్ రాసిండంటే రాసిండే," అని మల్లేశం అన్న అట్టను అందరి చేతుల్లో పెట్టాడు.

నా వంతు వచ్చినప్పుడు అలవాటు కొద్దీ వరండా అంచుకు వెళ్ళి వంచి చూశాను. అక్షరాల పక్కన పల్చటి మెట్టు. మెరుస్తోంది. అక్షరాలు చిక్కి ఉన్నాయి. మళ్ళీ వంచాను. మూడోసారి చూసినా మెట్టే. తలెత్తి దేవసహాయం గారి వైపు చూశాను. ఆయన టీ పోస్తున్నారు. పోసే ముందు కప్పు అంచును వేలితో తడిమి, వేలు ఆనించుకుని పోస్తున్నారు. ఎన్ని వారాలుగా అలా పోస్తున్నారో నేను గమనించనే లేదు. ఆయన రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయి. చుట్టూ పడే ఆ తెల్లటి వెలుగులో నీడ పడదు, నీడ లేకపోతే మెట్టుకీ గట్టుకీ తేడా తెలియదు. మసక కంటికి ఆ వెలుగు సుఖంగా ఉండి ఆయన దానికి అలవాటు పడ్డారు. అట్టను మల్లేశం అన్నకు తిరిగి ఇచ్చేశాను. "మంచిగుంది అన్నా," అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గే.

నోట్లో నువ్వుగింజ నానని దాన్ని నేను. అలాంటిది మూడు రోజులు నోరు కుట్టేసుకుని తిరిగాను. ఆయన దగ్గర నేర్చుకున్న చూపుతో ఆయన తప్పునే ఎలా ఎత్తి చూపను? ఏడు వెండి రూపాయలు పోయాయని మల్లేశం అన్నకు ఎలా చెప్పను? అన్నిటికంటే, నేను చూసింది తప్పయితే? రాత్రి పడుకుంటే ఆ మెట్టు, పొద్దున రక్తం తీస్తుంటే ఆ మెట్టు. బుధవారం పొద్దున డ్యూటీకి వెళ్ళే ముందు వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన ఇడ్లీ తింటున్నారు.

"సార్, మల్లేశం అన్న రూపాయి ఇంకోసారి చూస్తరా?"

"ఎందుకమ్మా?"

"నాకు మెట్టు కనబడ్డది."

ఆయన చేతిలో ముక్క పళ్ళెంలో పెట్టేశారు. "ఎప్పుడు చూశావు?"

"ఆదివారం."

"ఇవ్వాళ బుధవారం." ఆయన నోట ఎప్పుడూ వినని గొంతుతో, "మూడు రోజులు ఎందుకు మోశావు?" అన్నారు.

"మీకు బాధైతదని సార్."

"బాధ నాది కదా, దాన్ని నువ్వెందుకు దాచిపెట్టావు? ఈ మూడు రోజుల్లో అతను దాన్ని ఎంతమందికి చూపించుంటాడు? ప్రతి ఒక్కళ్ళకీ నా పేరు చెప్పుంటాడు. ఒక్కో పూటకీ నా తప్పు పెరుగుతా పోయింది."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తప్పు పట్టినందుకు తిడతారేమోనని భయపడ్డాను గానీ, ఆలస్యం చేసినందుకు తిడతారని అనుకోలేదు. నాణెం చూడటానికి రెండు రోజులు తీసుకునే మనిషి, నిదానమే ప్రధానమని నాకు నూరిపోసిన మనిషి, నా మూడు రోజుల నిదానాన్ని క్షమించలేకపోయారు. రూతమ్మ గారు, "ఆ ఇడ్లీ తిని వెళ్ళొచ్చుగా," అంటున్నా చేయి కడుక్కుని చెప్పులేసుకున్నారు. "వచ్చి తింటా," అన్నారు. నేను ల్యాబుకు ఫోన్ చేసి ఆలస్యంగా వస్తానని చెప్పి, ఆయనతో ఆటో ఎక్కాను.

మల్లేశం అన్న అప్పుడే దుకాణం తెరిచి ఇత్తడి బిందెలు బయట పేరుస్తున్నాడు. దేవసహాయం గారు అట్ట అడిగి తీసుకుని, గడప దగ్గర పగటి వెలుగులో తన పాత భూతద్దంతో చాలాసేపు చూశారు. నాకిచ్చారు, నేను చూశాను. మళ్ళీ ఆయన చూశారు.

"మెట్టే," అన్నారు. "మల్లేశం, నేను తప్పు రాశాను నాయనా. ఇది మెషిన్‌ది."

మల్లేశం అన్న నవ్వబోయాడు. "సార్, మీ కండ్లకు జెర తక్లీఫ్ ఉన్నట్టుంది గద. నాడు చూసిందే కరెక్టేమో."

"నాడు కూడా కళ్ళు బాలేవు. ఇవ్వాళ ఈ స్వరూప కళ్ళు కూడా పెట్టుకుని చూశాను."

మల్లేశం అన్న నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. ఆదివారం 'మంచిగుంది' అన్న నోరు ఇదే కదా అన్నట్టు చూశాడు. ఆ తర్వాత చేతిలో బిందె కింద పెట్టి, గొంతు తగ్గించి, "రాత కొట్టెయ్యకుండ్రి సార్. నేను అమ్ముకోను. ఎవ్వరికియ్యను. డబ్బల పడి ఉంటది. బజారంత చూపిచ్చిన, ఇప్పుడు కాదంటే నా ఇజ్జత్ పోతది," అన్నాడు.

"పోయేది నీది కాదు, నాది. నువ్వు నా రాత నమ్మావు, అంతే. నువ్వు అమ్మకపోతే రేపు నీ పిల్లలు అమ్ముతారు. అప్పటికి తప్పని చెప్పటానికి నేనుండను. రాత మాత్రం ఉంటది."

జేబులోంచి పెన్సిలు తీశారు. పాత రాతను చెరిపెయ్యలేదు. దాని మీద ఒక్క గీత గీసి, కింద 'మెషిన్ డబులింగ్. మొదట నేను తప్పు చూశాను' అని రాసి, తారీఖు వేసి, పేరు రాశారు. మల్లేశం అన్న ఆ అట్టను చూస్తూ, "మరి నాయిన రూపాయలు?" అన్నాడు. చిన్నపిల్లాడి గొంతులా వినిపించింది. అప్పటికప్పుడు వ్యాపారికి ఫోన్ చేశాడు. మీ మనిషే చూశాడు, మీ మనిషే రాశాడు, నాకేం సంబంధం అని అతను పెట్టేశాడు. దేవసహాయం గారు తన దగ్గరున్న నాణేల్లో ఏది కావాలంటే అది తీసుకోమన్నారు. "మీ సొమ్ము నాకెందుకు సార్. పోండ్రి," అని మల్లేశం అన్న ఎవరో బిందె బేరమాడుతుంటే అటు తిరిగాడు. ఏడు రూపాయలూ పోయినట్టే. అవి మళ్ళీ రాలేదు, ఈ రోజు వరకూ.

తిరిగి వస్తూ ఆటోలో ఆయన అన్న మాట ఒక్కటే. "ఆ అద్దం వచ్చాక ఇంకా ఎన్ని రాశానో." ఆయనకు అన్నీ గుర్తే. మల్లేశం అన్నది కాక పదకొండు. ఆ తర్వాత రెండు వారాలూ నా డ్యూటీ అయ్యాక సాయంత్రం ఎండ ఉండగానే ఒక్కో ఇంటికీ వెళ్ళాం. కొందరు టీ ఇచ్చారు, కొందరు గుమ్మంలోనే నిలబెట్టారు. ఎనిమిది సరిగ్గానే ఉన్నాయి. రెండు తప్పు, వాటి మీదా గీత గీసి రాశారు. పదకొండోది ఏ.ఎస్. రావు నగర్‌లో స్కూలు వ్యాను నడిపే అతనిది, రెండు రూపాయల బిళ్ళ. దాన్ని మెషిన్‌దని రాశారు ఆయన. "మీరు మెషిన్‌దన్నరు గద సార్. అట్ట చింపి కిరాణంల ఇచ్చేసిన," అన్నాడతను, నవ్వుతూ. దేవసహాయం గారు వ్యాను పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "సరిగ్గానే చెప్పి ఉంటారు సార్," అన్నాను. "ఏమో. ఇక తెలియదు," అన్నారు. మిగతావన్నీ సరిదిద్దగలిగారు గానీ ఆ ఒక్కటి ఆయన్ని చివరిదాకా వదల్లేదు. ఆ తర్వాత చేతికి వచ్చిన ప్రతి రెండు రూపాయల బిళ్ళనూ తిప్పి చూసేవారు. కూరలకు పంపిస్తే చిల్లర చూసుకుంటూ కూరలు బండి మీదే మర్చిపోయి వస్తున్నారని రూతమ్మ గారు విసుక్కునేవారు.

ఆ వార్త పాకడానికి ఎంతసేపు. ముసలాయన పని అయిపోయిందన్నారు. ఆదివారాలు వరండాలో కుర్చీలు ఖాళీగా ఉండేవి. ఆయనా, నేనూ, కారప్పూస. నాకు వాళ్ళందరి మీదా ఒళ్ళు మండేది. "ఇన్నేండ్లు ఫ్రీగ చూసిపెడ్తే గిట్లనా చేసేది?" అని గొణిగితే, "వాళ్ళు చేసింది న్యాయమే కదమ్మా. తప్పు రాసిన వాడి దగ్గరికి మళ్ళీ ఎందుకు రావాలి?" అనేవారు. ఆ వేసవిలో రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు నా మొహం చూసి, "ఇంత నల్లగా ఉంటావా నువ్వు?" అని ఏడిపించారు.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం మల్లేశం అన్న గొడుగు ముడుచుకుంటూ వరండా ఎక్కాడు. చేతిలో సంచి. ఎవరి వైపూ చూడకుండా, "సార్, గివి జెర చూడుండ్రి," అని సంచి బల్ల మీద పెట్టాడు. నేను ఊరుకోలేదు.

"ఇన్నొద్దులు యాదికి రాలేదా అన్నా? గిప్పుడెందుకు వచ్చినవ్?"

"వేరేటోళ్ళకు చూపిచ్చిన," అన్నాడు తల దించుకుని. "అందరు పక్కా అనేటోళ్ళే. రేపు తప్పైతే దుకాణందాంక వచ్చి చెప్పేటోడు ఒక్కడన్న ఉన్నడా అండ్ల?"

దేవసహాయం గారు సంచి దగ్గరికి లాక్కుని, "రెండు రోజులు ఉంచి వెళ్ళు," అన్నారు. రూతమ్మ గారు మూడో కప్పు తెచ్చారు. అప్పటి నుంచి అట్టల మీద రెండు పేర్లు పడేవి, ఆయనదీ నాదీ. ఆయన చీటీ, నా చీటీ కలవకపోతే తీర్పు లేనట్టే. తొందరపాటు నాలో చావలేదు గానీ, చీటీ మడిచి డబ్బాలో వేసి ఒక రాత్రి ఆగడం నేర్చుకున్నాను.

ఆయన నిద్రలోనే పోయారు. సమాధి కార్యక్రమానికి మల్లేశం అన్న దుకాణం మూసి వచ్చి, నా పక్కన నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వరండా కూటమి ఆ తర్వాత సాగలేదు. నేనూ నాణేల జోలికి పెద్దగా పోవడం లేదు.

కానీ పోయిన వానాకాలం జరిగింది చెప్పాలి. జ్వరాల రోజులు, ల్యాబు నిండా జనం. ఒక పదకొండేళ్ళ పాప రక్తం సాయంత్రం హడావుడిలో చూసి మలేరియా ఉందని రాశాను. నా మాట మీద రిపోర్టు వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున స్లైడులు సర్దుతూ దాన్ని ఊరికే మళ్ళీ పెట్టాను. ఎర్ర కణం మీద ఉంగరంలా కనిపిస్తే నేను మలేరియా క్రిమి అనుకున్నదాన్ని, ఫోకస్ మెల్లగా తిప్పుతూ చూశాను. అది కణం లోపల లేదు. పైన కూర్చున్న ప్లేట్‌లెట్. క్రిమి కాదు. రాత్రి నుంచి పాప ఆ మందులు మింగుతూ ఉంటుంది. మేనేజర్‌కు చెబితే, "మేడం, కంప్యూటర్ల తప్పు పడ్డదని చెప్దాం. ల్యాబు పేరు ఖరాబైతది. మధ్యానం డాక్టర్ సార్ వచ్చినంక ఆలోచిద్దాం, జెర ఆగుండ్రి," అన్నాడు. ఆగడం నాకు ఎక్కడ చేతనవునో, ఎక్కడ చేతకాదో అతనికి తెలియదు. గ్లవ్స్ కూడా తీయకుండా ఫోన్ అందుకున్నాను.

రూపాయి అట్ట దిద్దడానికి వెళ్ళిన ఆ బుధవారం మోండా మార్కెట్లో ఆటో దిగాక జరిగిన ఒక సంగతి ఇంతవరకూ నేను ఎవరికీ చెప్పలేదు. మల్లేశం అన్న దుకాణం ఇంకా పది అడుగులు ఉందనగా దేవసహాయం గారు ఆగిపోయారు. కొత్తిమీర కట్టలు అమ్మే బండి దగ్గర, కట్టలు ఏరుతున్నట్టు కాసేపు నిలబడ్డారు. కొనలేదు. నా మణికట్టు పట్టుకున్నారు. "భయంగా ఉందమ్మా," అన్నారు, నాకు మాత్రమే వినపడేలా. నేను ఏదో చెప్పేలోపే, "పద," అని ముందుకు నడిచారు.

అవతల పాప తల్లి ఫోన్ ఎత్తి హలో అంది.

"అమ్మా, నేను ల్యాబు నుంచి స్వరూపను. నిన్నటి రిపోర్టు తప్పు. చూసింది నేనే," అన్నాను.